తెర యను మాటయు నాటకపరిభాషయు

నాటకవిద్య నభ్యసింపఁబూనిన బాలబాలికలకు మొదట నేర్పునవి మాటలు. తెర, రంగము, నేపథ్యము, సూత్రధారుఁడు, ఆహార్యము, స్వగతము మున్నగునవి యొకప్రక్కను, వానికి సరియని తలఁచిన యాంగ్లశబ్దములు వేఱొకప్రక్కను వ్రాసి, నడుమ సమానచిహ్న ముంచి, వల్లింపుఁడని చెప్పుదురు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నాటక మాడఁగోరు విద్యార్థులు చదువుకొను నట్టి పట్టికలు కొన్ని నేను జూచితిని. వానిలోఁ దప్పులు వెదకుట నా యుద్దేశము గాదు. మాటలన్నియు నిఘంటువుల కెక్కినవే. నా యాక్షేపణ మా సమానచిహ్నమును గూర్చినది. రంగస్థలముపై నొక్కొక్క మాటయు నొక్కొక్క పని. ఆ పనిని ఎవరు, ఎచట నిలిచి, దేనితోఁ జేయుదురో యెఱుఁగక మాటకు మాట బదులు చెప్పనేర్చిన విద్యార్థి పరీక్ష గడచునేమో కాని, వేషము వేసికొని నిలిచినప్పుడు వాని కా చదువు కొఱగాదు.

తెరనే తీసికొందము. యవనిక, తెర, కర్టెను అను మూఁడు మాటలు నొక్కటే యని పట్టికలు చెప్పును. కడపజిల్లాలో నాటలు చూచి పెరిగినవానికిఁ దెర యొక్కటి గాదు. తోలుబొమ్మలాటలోఁ దెరయే రంగము. వెనుక దీపము, దీపమునకును దెరకును నడుమ బొమ్మ. ఆ బొమ్మను దెర కదిమిపట్టి యాడింతురు. చూపరులు చూచునది తెరపైఁ బడిన రంగునీడ. అచటఁ దెర తొలఁగినచో నాటయే లేదు. వీథినాటకములోఁ దెర చిన్న వస్త్రము. ఇరువు రిరుప్రక్కలఁ బట్టుకొని నిలుతురు. దానివెనుకఁ బాత్ర తన ప్రవేశదరువున కడుగులు వేయుచుండఁగాఁ బైని గిరీటపుఁ గొనయో, క్రింద గజ్జెకాళ్లో కానవచ్చును. కొంతసేపు జనుల నూరించి పిమ్మటఁ దెర తీయుదురు. ఆ తెర పాత్రకు సంబంధించినదే కాని కథాభాగమునకు సంబంధించినది గాదు. కంపెనీ నాటకములలో మఱల రెండువిధములు: అంకము ముగియఁగానే దిగు ముందుతెర యొకటి, అడవియు రాజసభయు వీధియుఁ జిత్రించిన వెనుక పరదాలు వేఱొకటి.

సంస్కృతనాటకముల యవనిక వీనిలో దేనితోను సరిపడదు. అది రంగమునకును నటులు వేషము ధరించు నేపథ్యగృహమునకును నడుమ నుండునది. ప్రేక్షకునకును నటునకును నడుమ నుండునది గాదు. తొందరతో వచ్చు పాత్ర తెరను విసరికొట్టి ప్రవేశించు నని పాతనాటకములలో సూచన యుండును. ముందుతెరనే యెఱిఁగిన విద్యార్థి యీ సూచనను జదివి, నటుఁడు ప్రేక్షకుల నడుమనుండి రంగముపై కెక్కు నని యూహించుకొనును. యవనశబ్దమును బట్టి యీ తెర గ్రీకులనుండి వచ్చిన దని కొందఱు పాశ్చాత్యపండితులు వాదించిరి. గ్రీకుల ప్రాచీన నాటకశాలలో ముందుతెరయే లేదు గనుక నా వాదము నిలువలేదు. యవనదేశపు వస్త్రమని యర్థము చెప్పిన నొకవేళఁ గుదురునేమో. జవనిక యని మఱియొక పాఠము గూడఁ గలదు.

ఈ భేదములు పుస్తకములలో మాత్రమే యున్నవి కావు. ఒక కుటుంబము తెరవెనుకనుండి తెరముందునకు వచ్చిన ఘట్ట మీ జిల్లాలోనే జరిగినది. చక్రాయపేట మండలమునందలి సురభి గ్రామము పులివెందుల శాసనసభా నియోజకవర్గములోనిది. మహారాష్ట్రప్రాంతమునుండి వచ్చి తోలుబొమ్మలాటచే జీవించుచుండిన యారెవారిలో వనారస సంజీవరావుగారు 1885వ సంవత్సరమున నచటఁ గీచకవధ నాటక మాడించిరి. ఒక పెండ్లి సందర్భమున గ్రామపెద్దలు, బొమ్మలకు మాఱుగా మీరే వేషములు వేసి యాడరాదా యని కోరిరని చెప్పుకొందురు. పిదప వనారస గోవిందరావుగారి కాలమున నా సమాజము వృద్ధిపొంది, శాఖోపశాఖలై, ఊరిపేరే వంశమునకుఁ బేరయ్యెను.

నాఁడు ఇతరసమాజములలోఁ బురుషులే స్త్రీపాత్రములు ధరించుచుండఁగా సురభివారిలో స్త్రీలే స్త్రీవేషములు వేసిరి. దీనిని సంఘసంస్కరణ మని పలువురు మెచ్చుకొందురు. మెచ్చుకొనఁదగినదే. కాని నాకు మఱియొక కారణము తోఁచుచున్నది. తోలుబొమ్మలాటలో స్త్రీబొమ్మలకు మాటయుఁ బాటయు నా యింటి యాఁడువారే యిత్తురు. గొంతు ముందే వారిదై యుండెను. తెర దాఁటినప్పుడు శరీరమును వారిదే యయ్యెను. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని యభినయము నాలుగు విధములని వల్లించు విద్యార్థి, ఆంగికము బొమ్మదిగాను వాచికము మనుష్యునిదిగాను వేఱుపడియుండు నీ యాటను జూచెనా, ఆ విభాగ మేల యేర్పడెనో యొకరు చెప్పకయే గ్రహించును. తరువాత నా రెండును నొక్క దేహమునఁ గూర్చుట యెంతటి కష్టమో కూడఁ దెలియును.

ఆహార్యమునకు నొక పట్టికలో మేకప్పు అనియు, మఱియొకదానిలో దుస్తులనియు నున్నది. భరతుఁడు దానిని బుస్తము, అలంకారము, అంగరచన, సంజీవము అని నాలుగు చేసెను. ముఖమునకు రంగు పూయుట యంగరచన. మన వేషగాండ్రు అరిదళము నూఱి పూసికొనుట దీనిలోనిది. నగలు, మాలలు, వస్త్రములు నలంకారము. రంగముపైకి జంతువులను బ్రవేశపెట్టుట సంజీవము. ఇఁకఁ బుస్తము. ఈ మాటను జూచి పుస్తక మనుకొనిన విద్యార్థి నొకని నే నెఱుఁగుదును. వాని తప్పేమి, పట్టికలో నంతకంటె వివరము లేదు. కొండ, రథము, విమానము, డాలు మొదలగువానిని గృత్రిమముగా నిర్మించుట పుస్తము. దానిలోనే యంత్రముచేఁ గదలునట్టిది వ్యాజిమ మని యొక భేదము గలదు. సురభివారి నాటకములలోఁ దీఁగల సాయమున నారదుఁడు మేఘములనుండి దిగుటయు, ఎదురెదురు బాణములు గాలిలోఁ దాఁకుకొనుటయుఁ జూచినవారు వ్యాజిమశబ్దమున కర్థము మఱల నడుగరు. సెట్టు, సీనరీ, ట్రిక్కు అని మూఁడు నాలుగు పరభాషాపదములతో మనము చెప్పుకొనుచున్న దంతయు నీ యొక్క పుస్తశబ్దమున నిమిడియున్నది. అట్లని సీనరీని విడిచి పుస్త మనుఁడని నేను జెప్పను. పరదాలు గట్టువాఁడు సీను దింపుమనియే కేక వేయును. వాని నోటిమాటను దిద్దఁబోవుట వ్యర్థము. రెండు మాటలును దెలిసియుండవలెనని నా ప్రార్థన.

సూత్రధారుని గతి మఱింత చిత్రము. వార్తాపత్రికలలో నాతఁడు కుట్రలు పన్నువాఁ డయ్యెను. పట్టికలలో దర్శకుఁ డయ్యెను. సంస్కృతనాటకముల సూత్రధారుఁడు నాందీసమయమున రంగముపై నిలిచి, నటితోనో పారిపార్శ్వకునితోనో మాటాడి, కవినిఁ గృతిని దెలిపి, కథను బ్రవేశపెట్టి తొలఁగువాఁడు. ప్రేక్షకులకుఁ గానరాక తెరచాటుననుండి నాటకమునంతటిని రూపొందించు దర్శకుఁ డైరోపాలోఁ గూడఁ బందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమునఁ గాని ప్రత్యేకవృత్తిగా నేర్పడలేదు. ఈ యిరువురకును సమానత్వ మెక్కడిది? సూత్ర మనఁగా బొమ్మల నాడించు దారమనియు, బొమ్మలాటనుండియే నాటకము పుట్టెననియు జర్మనుపండితుఁడు పిషెల్ 1900 ప్రాంతమున వాదించెను. రంగభూమిని గొలుచు దారమని మఱికొందఱందురు. మన తోలుబొమ్మలవారిని జూచిన మొదటివాదమునకుఁ గొంత చిక్కు గలుగును. వారు బొమ్మల నాడించునది వెదురుపుల్లలతోఁ గాని దారములతోఁ గాదు. సూత్రపుబొమ్మలాట వేఱుగానున్న మాట నిజమే. కాని బొమ్మలాట యనఁగానే దారము స్ఫురించుట తూర్పుదేశపు టాటలను దూరమునుండి చూచినవారి యలవాటు.

నేపథ్యమను మాట నేఁడు సర్వవ్యాప్తి నొందినది. చారిత్రకనేపథ్యము, కుటుంబనేపథ్యము, రాజకీయనేపథ్యము. వెనుకనున్న దెల్ల నేపథ్యమే. ప్రాచీనార్థము వేషమును, వేషము ధరించు గృహమును. పాత తెలుఁగునాటకములలో తెరలో నని కుండలీకరించి వ్రాసిన సూచన నేపథ్యే యనుదానికిఁ దెనుఁగు. సినిమావారు పాటగాని గాత్రమును నేపథ్యగాన మనుట పూర్వార్థమునకు దగ్గఱగానే యున్నది, గాయకుఁడు కానరాఁడు గదా! పండితు లాక్షేపించు సినిమాభాషయే యిచట మేలైనది.

మన పూర్వులు పరిభాషను నేర్పినవిధము వేఱు. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమునందు నాటకప్రకరణము వ్రాసి, లక్షణములకు లక్ష్యముగాఁ బ్రతాపరుద్రకల్యాణ మను నాటకమునే రచించి యందుఁ జేర్చెను. సంధ్యంగములన్నియు వరుసఁ దప్పక రావలెనని కవి పడిన శ్రమ దానియందుఁ గానవచ్చును. నాటకముగా నది రసవంత మని నేననను. బోధనసాధనముగా మాత్ర మంతటిది మఱల మనకుఁ గలుగలేదు. మాట చెప్పి, ఇదిగో పని యని చూపినాఁడు. రేచర్ల సింగభూపాలుఁడు రసార్ణవసుధాకరమున నాటకపరిభాష యని చెప్పినది మఱియు విలక్షణము. పాత్ర యే భాష మాటాడవలయును, ఒకరి నొకరేమని పిలువవలయును, పాత్రల కెట్టి పేరు లుంచవలయును అను మర్యాదయే యాతనికిఁ బరిభాష. సారథి రాజును ఆయుష్మంతుఁ డనును, విదూషకుఁడు వయస్యుఁ డనును. ఈ విషయము నేఁటి విద్యార్థులకు నత్యంతోపయుక్తము. కడపసీమ పల్లెకథను నాటకముగా నాడువారు అన్నా, అప్పా, అబ్బీ, అమ్మీ యను పిలుపులను విడిచి, పుస్తకములలోని పిలుపులతో నొకరినొకరు సంబోధించుకొనఁగా నేను వినియున్నాను. అభినయ మెంత బాగున్నను ఆ యొక్క పిలుపుతో నూరు చెడును.

గ్రంథములు లేక కాదు. మానవల్లి రామకృష్ణకవిగారు అభినవభారతీసహితమైన నాట్యశాస్త్రపుఁ బ్రథమసంపుటమును 1926లో బరోడానుండి ప్రకటించిరి. వారి భరతకోశము 1951లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు వెలువరించిరి. పోణంగి శ్రీరామ అప్పారావుగారు నాట్యశాస్త్రమును 1959 నాఁటికే తెనుఁగు చేసియున్నారు. పట్టికలు కూర్చువారు వీనిని జూచినచోఁ గొన్ని తప్పులైనఁ దప్పెడివి. అయినను నీ గ్రంథములు సంస్కృతలక్షణములను విశదీకరింపవచ్చును గాని, బొమ్మలాటవారి పెదవులపై నున్న మాటలను బట్టి యియ్యలేవు.

అంకము, రంగము అను మాటలఁ గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. రంగ మనఁగా నాటకమాడు చోటు. అంకమును మఱల రంగములుగా విభజించి, ప్రథమాంకము ద్వితీయరంగము అని వ్రాయుట యాంగ్లనాటకములఁ జూచి మనవా రలవఱచుకొనినది. బళ్లారిలో 1886లో సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకములతో దత్తమండలములం దీ పద్ధతి స్థిరపడెను. దానివలన లాభము గలిగినది, చోటు మాఱినప్పుడెల్లఁ బరదా మార్చుకొనవచ్చును. నష్టమును గలిగినది. భరతుఁడు కక్ష్యావిభాగ మని యొక పద్ధతి చెప్పెను. నటుఁడు రంగముపై నొకమాఱు చుట్టి నడచినఁ జోటు మాఱినట్లే. వీథినాటకములోఁ బాత్ర నాలుగడుగులు చుట్టి తిరిగి, ఇదిగో విరాటుని కొలువునకు వచ్చితి ననఁగా, దీపపువెలుఁగునఁ గూర్చున్న ముదుసలి మొదలు పసిబిడ్డవఱకు నెవ్వరును శంకింపరు. పట్టికలు గట్టిగా నభ్యసించిన విద్యార్థులు పరదా లేనిదే చోటు మాఱ దనుకొని, సొమ్ము చాలక, నాటకమే మానుకొనినా రని వినుటయు నాకుఁ దటస్థించినది. కక్ష్య యను నొక్కమాట తెలిసిన నా యక్కఱ లేకపోయెడిది.

కుడియెడమల చిక్కు ప్రసిద్ధమే. పాశ్చాత్యరంగమునఁ గుడి యనఁగాఁ బ్రేక్షకులవైపు మొగము పెట్టిన నటుని కుడి. ఒకమాఱు నేను జూచుచుండఁగా నభ్యాసము చేయించు పెద్దమనిషి ప్రేక్షకులలోఁ గూర్చుండి కుడికి రమ్మనెను. ధర్మరా జొకవైపునకు, ద్రౌపది మఱియొకవైపునకు నడచి, యిరువురును దమదే కుడి యని వాదించిరి. ముందు వెనుకల విషయమునఁ బాశ్చాత్యులు వాడు అప్ స్టేజి, డౌన్ స్టేజి అను మాటలకు, వారి పూర్వపు రంగములు ప్రేక్షకులవైపునకు వాలియుండుట కారణము. వీనిని మనవారు పైరంగము, క్రిందిరంగము అని తెనిఁగింపఁగా విద్యార్థులు మేడయుఁ గ్రిందియిల్లు ననుకొనుచున్నారు. పెన్నయొడ్డువారి కంతకంటెఁ జక్కని మాట లున్నవి: ఎగువ, దిగువ. జమ్మలమడుగు ఎగువ, ప్రొద్దుటూరు దిగువ యని పిన్నలకును దెలియును. నటుఁ డెగువ నుండి దిగువకు వచ్చె ననిన, వాలును బ్రవాహమును నొక్కమాటలోఁ దెలియును. ఇది నా సూచన మాత్రమే. వాడుక గాక పరిభాష నిలువదు.

స్వగతము, జనాంతికము, అపవారితము అను మూఁటిని దనలోఁ దాననుకొనుట యను నొక్క యర్థమునఁ బడఁద్రోయుట సామాన్యమైనది. స్వగత మొక్కటే యట్టిది. జనాంతిక మనఁగాఁ ద్రిపతాకహస్తముతో నితరులను మఱుఁగుపఱచి, నిలిచియున్నవారిలో నొకనితో మాత్రము మాటాడుట. అపవారిత మనఁగా నవ్వలికిఁ దిరిగి రహస్యము చెప్పుట. మూఁటికి మూఁడు నిలుకడలు, మూఁడు చూపులు. ఆకాశభాషితము మఱియొకటి: కానరానివానితో, ఏమంటివీ యని తానే యనువదించుకొనుచు మాటాడుట. నేఁటి నాటికలలో నటుఁడు టెలిఫోను చెవిఁ బెట్టుకొని సంభాషించుట యిదియే. విద్యార్థుల కీ యుదాహరణము చెప్పి చూడుఁడు, నవ్వుదురు, తరువాత మఱువరు.

వాచికమున నత్యవసరమైన మాట కాకువు. నేను జూచిన పట్టికలలో నది లేకపోవుట నాకు నిజముగాఁ గష్టము గలిగించెను. మంచిపని చేసితి వను వాక్యము మెప్పుగాఁ జెప్పవచ్చును, నిందగాఁ జెప్పవచ్చును. అక్షరములు మాఱవు, కాకువు మాఱును. ఉచ్చము, దీప్తము, మంద్రము, నీచము, ద్రుతము, విలంబితము అని పాఠ్యమున కాఱలంకారములు భరతుఁడు చెప్పెను. రాయలసీమలోఁ బద్యనాటక మనఁగా రాగము. పద్యము చివర నాలాపము సాగినకొలఁది వన్సుమోరులు. కాకువున కచట సందు లేదు. కోపమును శోకము నొక్కరాగమునఁ బోవును. పెన్నయొడ్డుననే, జమ్మలమడుగునకు నెగువనున్న తాడిపత్రిలో 1880లో జన్మించిన బళ్లారి రాఘవగారు రాగాలాపమును దగ్గించి, మాటకుఁ బ్రాధాన్యమిచ్చి నటించుటకై జీవితమంతయుఁ బోరాడిరి. 1946లో వారు గతించిన పిదపఁ గూడ మన పద్యనాటకపు వేదికలపై రాగమే గెలిచినది. రాగము చెడ్డదనను. కాకువు తెలిసి రాగము తీయువాఁడు వేఱు, తెలియక తీయువాఁడు వేఱు.

సాత్త్వికమును సత్త్వగుణముతో ముడిపెట్టి, సౌమ్యముగా నటించుట యని యొకరు వ్రాసిరి. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అను నెనిమిదియు మనస్సు కుదిరినఁ గాని దేహమున బలవంతముగాఁ దెచ్చుకొన రానివి. అనుకరణ మను మాట యిచటనే విద్యార్థిని దారి తప్పించును. శంకుకుఁ డభినయ మనుకరణ మనఁగా, అభినవగుప్తుఁ డొప్పుకొనలేదు. ఈ వివాదమునకు దృష్టాంతము కడపజిల్లాలోనే కలదు. మాచుపల్లి కైఫియత్తునందు సిద్ధవటము నేలిన సమ్మెట గురవరాజు ధనమునకై స్త్రీలను హింసించిన కథ యున్నది. ఆ ఘోరమును గన్నులారఁ జూచిన భాగవతులు విజయనగరమునకుఁ బోయి వీరనరసింహరాయల యెదుట, ఒకఁడు గురవరాజుగాను నొకఁడు బాధితస్త్రీగాను వేషములు ధరించి యాడిరి. రాయలు విచారించి సేనను బంపి గురవరాజును బట్టి దండించెను. రాయలు చూచినది యనుకరణమా? గురవరాజు నెన్నఁడు నెఱుఁగని ప్రేక్షకునకు వాఁడు వీనివలె నున్నాఁ డను పోలిక యెట్లు తోఁచును? అతనిఁ గదలించినది పోలిక గాదు. భాగవతులు తాము చూచి వడఁకిన వడఁకు నిలిచియుండిన దేహములతో వచ్చిరి. దానినే సాత్త్విక మందురు. పట్టికలో దీనిని సమానచిహ్నమున కావల నుంచుటకుఁ దగిన మాట నాకుఁ దోఁపలేదు.

విదూషకుఁడు, హాస్యగాఁడు, కేతిగాఁడు అను మువ్వురు నొక్కటే యను పొరపాటును బేర్కొని విరమింతును. విదూషకుఁడు బ్రాహ్మణుఁడు, నాయకుని చెలికాఁడు, ప్రాకృతము మాటాడువాఁడు. కథలో నాతని కొక స్థానము గలదు. కేతిగాఁ డెవ్వరికిని జెలికాఁడు గాఁడు. రావణుఁడు సభఁ దీర్చియుండఁగా నైనను, సీత విలపించుచుండఁగా నైనను, బంగారక్కతో జగడమాడుచుఁ దెరపైకి వచ్చును. ఆ యూరి కరణమును, ఆ యేఁటి వానలను, ముందువరుసలోఁ గునుకుచున్నవానినిఁ బట్టి నవ్వించిపోవును. ఆతనికి లక్షణము వ్రాసినవాఁడు లేఁడు. నేను జూచిన పట్టికలలో నాతని పేరును లేదు.